డాబా తూముకు గోపురం జాలీ బిగించుకోండి
విజయవాడలో డాబా మీద వాన నీరు నిలిచిందంటే అందరూ ముందు వాలునే అనుమానిస్తారు కానీ, తరచుగా అసలు కారణం తూము నోటికి బిగించిన బల్లపరుపు జాలీయే. పక్క చెట్టు బాదం ఆకులు రెండు దాని మీద అతుక్కుంటే చాలు, నీరు దిగే దారి మూసుకుపోతుంది. దాని బదులు గోపురంలా పైకి ఉబ్బిన జాలీని పెట్టించుకుంటే, ఆకులు అడుగున చుట్టూ చేరినా పై కన్నాల గుండా నీరు దిగుతూనే ఉంటుంది. జూన్ వర్షాలకు ముందొకసారి, అక్టోబరు తుపానులకు ముందొకసారి ఆ జాలీని ఊడదీసి, లోపల పేరుకున్న మట్టిని చేతితో తీసివేసి, బకెట్ నీళ్లు పోసి చూడాలి: నీరు సుడి తిరుగుతూ చకచకా దిగితే గొట్టం బాగున్నట్టు, గుడగుడమంటూ పైకి తన్నితే కింది వంపులో ఏదో అడ్డుపడినట్టు.

ముఖద్వారం వైపు పెట్టే సింహముఖం తూములు అందంగానే ఉంటాయి, నాకూ ఇష్టమే. అయితే వాటి నోరు గోడకు బాగా ముందుకు రాకపోతే నీరు గోడ వెంటే కారి రంగును పాడుచేస్తుంది కనుక, పెదవి అడుగున సన్నని గాడి కొట్టమని మేస్త్రీకి ముందే చెప్పాలి. డాబా నీటి అసలు భారాన్ని మాత్రం 4 అంగుళాల పీవీసీ గొట్టం మీదే వేసి, దాని చివరను ఇంకుడు గుంతలోకి వదలడం మేలు.