సంవత్సరీకం నాటికి ఇంటి పెద్ద జీవితాన్ని పుస్తకంగా కూర్చడం

దశదిన కర్మ నాటికే పుస్తకం అచ్చు వేయించాలని తొందరపడకండి. పది రోజుల్లో చేసిన దాంట్లో ఒక పెద్ద ఫోటో, నాలుగు పొగడ్తలు తప్ప ఏమీ మిగలవు. ఏ మనవడి పేరో తప్పు పడుతుంది కూడా. అచ్చు సంవత్సరీకానికి పెట్టుకోండి, సేకరణ మాత్రం ఆ పది రోజుల్లోనే మొదలుపెట్టండి. నల్గొండ నుంచి వచ్చిన చెల్లెళ్ళు, బావమరుదులు, పాత ఇంటి పక్కవాళ్ళు మళ్ళీ అంతమంది ఒక్కచోట దొరకరు.

వయసులో అందరికన్నా పెద్దవాళ్ళతో మొదలుపెట్టి, ఒక్కొక్కరినే కూర్చోబెట్టి మాట్లాడించండి. హాల్లో అందరి మధ్య అడిగితే ఒకరి మాట ఇంకొకరు అందుకుంటారు, రికార్డింగులో ఎవరిదీ అర్థం కాదు. లోపలి గదిలో ఫ్యాన్ ఆపి, ఫోన్‌ని మడతపెట్టిన తువ్వాలు మీద మూరెడు దూరంలో ఉంచండి. ఏరోప్లేన్ మోడ్ మరవద్దు, మధ్యలో కాల్ వస్తే రికార్డింగ్ ఆగిపోవచ్చు. చెప్పేవారి పేరు, వరస, తేదీ ముందే చెప్పించండి. 40 నిమిషాలకు ఆపేయండి, పెద్దవాళ్ళు అలసిపోతారు. ఆ రాత్రే ఫైలుకు పేరు పెట్టి రెండో చోట కాపీ చేయండి.

"తాతయ్య ఎలాంటివారు?" అని అడిగితే "దేవుడులాంటి మనిషి" అంటారు, మాట అక్కడితో ఆగిపోతుంది. పొద్దున లేవగానే ఏం చేసేవారు, కోపమొస్తే ఏమనేవారు, మొదటి జీతం ఎంత అని అడగండి. పాత జీతం చెప్తే అది హాలీ సిక్కానా (నిజాం రూపాయి), కల్దారా (బ్రిటిష్ ఇండియా రూపాయి) అన్నది కూడా తేల్చుకోండి. 7 హాలీ రూపాయలు 6 కల్దార్లకు సమానం. ఆయన మాటల్ని ఆయన యాసలోనే రాయండి. "గట్లెట్లయితది" అన్న మనిషి చేత "అలా ఎలా అవుతుంది" అనిపిస్తే ఆ గొంతు పోతుంది.

అందరూ తడబడేది తేదీల దగ్గర. సంవత్సరం గుర్తుండదు కానీ సంఘటన గుర్తుంటుంది, కాబట్టి దాన్ని పట్టుకునే అడగండి. పెళ్ళి నిజాం రాజ్యం మీద జరిగిన పోలీసు చర్యకు (1948 సెప్టెంబరు) ముందా, తర్వాతా? చదివింపులు అణాల్లోనా, నయాపైసల్లోనా? నయాపైసలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి. పెద్ద కొడుకు 1969 తెలంగాణ ఉద్యమం నాటికి బడికి పోతున్నాడా? అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైల్యాబ్ పడుతుందని భయపడ్డప్పుడు (1979 జులై), సంపూర్ణ సూర్యగ్రహణం నాడు (1980 ఫిబ్రవరి 16) ఏ ఇంట్లో ఉన్నారు? ఇలాంటి నాలుగైదు ప్రశ్నలతో ఒక పెళ్ళిని రెండు మూడేళ్ళ తేడాలోకి తేవచ్చు.

పుట్టినరోజు విషయంలో బడి సర్టిఫికెట్‌ను నమ్మకండి. జూన్ 1 అనో జులై 1 అనో ఉంటే అది చేర్చుకున్నప్పుడు పంతులు వేసిన అందాజు తేదీ కావచ్చు. "విక్రమలో పుట్టిండు" అన్న ముసలమ్మ మాటే గట్టి ఆధారం. కానీ విక్రమ నామ సంవత్సరం 1940 ఉగాదితో మొదలై 1941 ఉగాది దాకా నడిచింది. మాఘమాసం అంటే 1941 అవుతుంది. పాత కాగితాల మీద ఫసలీ (పాత రెవెన్యూ లెక్క) సంవత్సరం ఉంటే ఇంగ్లీషు సంవత్సరం కోసం 590 కలపండి. నిజాం రాజ్యంలో ఫసలీ అక్టోబరులో మొదలయ్యేది కాబట్టి జనవరి నుంచి సెప్టెంబరు దాకా 591 కలపాలి. 1355 ఫసలీ అంటే 1945 అక్టోబరు నుంచి 1946 సెప్టెంబరు దాకా అన్నమాట. కాగితం ఉర్దూలో ఉంటే చేతిరాత చదవగలిగిన పెద్దమనిషి చేత పూర్తిగా చదివించి, ఆ చదువుని కూడా రికార్డు చేయండి.

చాలా పుస్తకాల్లో రెండు లోపాలు కనిపిస్తాయి. నానమ్మ పుట్టింటి పేరు, ఊరు ఉండవు. చిన్నప్పుడే పోయిన పిల్లల పేర్లు వంశవృక్షంలో ఉండవు. రెండూ తప్పకుండా రాయండి. ఆ పిల్లల పేర్లు తెలిసినవాళ్ళు ఇంట్లో ఇద్దరు ముగ్గురే మిగిలి ఉంటారు. భూమి తగాదాలు మాత్రం వదిలేయండి, రెండో పక్షం మాట లేకుండా అచ్చులో పెట్టడం న్యాయం కాదు.

ఫోటోలను 600 డీపీఐలో స్కాన్ చేయించండి. జిగురు ఆల్బమ్‌లో అతుక్కున్నదాన్ని గోటితో లాగితే చిరుగుతుంది. సన్న దారాన్ని రెండు చేతులా పట్టుకుని, ఫోటో వెనకగా మెల్లగా రంపంలా ఆడించండి. రాకపోతే ఆల్బమ్‌లో ఉన్నట్టే స్కాన్ చేయండి. వెనక పేర్లు మెత్తటి పెన్సిల్‌తో రాయండి, బాల్‌పెన్ ఒత్తు ముందుకు తేలుతుంది. వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గానే పంపమని చెప్పండి, మామూలుగా పంపితే నాణ్యత తగ్గిపోయి అచ్చులో మసకబారుతుంది.

మధ్యలో పిన్ కొట్టే పుస్తకానికి పేజీలు 4 చొప్పున పెరగాలి. 32 సరిపోతాయి. లోపల 100 జీఎస్ఎం (కాగితం మందాన్ని తెలిపే బరువు లెక్క) మాప్లిథో అనే మెరుపులేని కాగితం, నడుమ ఫోటోలకు 8 పేజీలు 130 జీఎస్ఎం ఆర్ట్ పేపర్. హైదరాబాద్‌లో చిక్కడపల్లి, నల్లకుంట వైపు డీటీపీ (కంప్యూటర్‌లో పేజీలు కూర్చే) వాళ్ళు చాలామంది యూనికోడ్ కాని పాత 'అను' ఫాంట్లతో పనిచేస్తారు. మీరు ఫోన్‌లో కొట్టిన యూనికోడ్ దాంట్లోకి మారేటప్పుడు వత్తులు, ముఖ్యంగా క్రావడి (ర వత్తు) తారుమారవుతాయి. అందుకే మార్చాక కాగితం మీద ప్రూఫ్ తీయించి, ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు సరిచూడాలి. పేర్ల పేజీని మాత్రం ఆ పేర్లున్న వాళ్ళకే పంపించండి.

కాపీలు ఇంటికొకటి చొప్పున లెక్కేసి, ఇంకో 20 కలపండి. చివరి రెండు పేజీలు ఖాళీగా వదలండి. పుస్తకం చేతికొచ్చాకే చాలామందికి అసలు సంగతులు గుర్తొస్తాయి, మాప్లిథో మీద పెన్నుతో హాయిగా రాసుకోవచ్చు.