తోసే హ్యాండిల్ ఉన్న మూడు చక్రాల సైకిల్ కొనేముందు

పిల్లాణ్ణి వెంట తీసుకెళ్లండి. బెజవాడ బీసెంట్ రోడ్డు రద్దీలో ఎత్తుకుని తిరగడం కష్టమే, కానీ కూర్చోబెట్టి చూడకుండా కొంటే తర్వాత షాపు చుట్టూ తిరగడం ఇంకా కష్టం.

ముందుగా పెడళ్లు చూడండి. అవి ముందు చక్రానికే బిగించి ఉంటాయి కాబట్టి మనం వెనక నుంచి తోస్తే గిరగిరా తిరిగి పిల్లల కాళ్లకు కొడతాయి. మా వాడి పిక్క అలాగే కమిలింది. చక్రం దగ్గరున్న మీట మారిస్తే పెడళ్లు ఆగి, చక్రం ఒక్కటే తిరగాలి. అది లేకపోతే ఎంత తగ్గించి ఇస్తామన్నా వద్దనండి. పాదాలు పెట్టుకునే పలక కూడా ఉండాలి. లేకపోతే కాళ్లు నేలకు ఈడ్చుకుపోతాయి.

హ్యాండిల్ మీ ఎత్తుకు సరిపోవాలి, వంగి తోస్తే మీ నడుము పని అయిపోతుంది. దాన్ని పక్కకు తిప్పితే ముందు చక్రం కూడా అటే మళ్లుతుందా? షాపులోనే ఒక రౌండ్ వేయండి. హ్యాండిల్‌కి కూరల సంచి మాత్రం తగిలించకండి, బండి వెనక్కి తిరగబడుతుంది.

బెల్టు నడుముకే కాదు, కాళ్ల మధ్య నుంచీ రావాలి. లేదంటే పిల్లలు కిందికి జారిపోతారు.

ఐఎస్‌ఐ గుర్తు ఉందో లేదో చూడండి. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు అది తప్పనిసరి.

ఇక మన బెజవాడ ఎండ తెలిసిందే. మే నెలలో బయట ఉంచిన బండి ఇనుప గొట్టం చుర్రుమంటుంది. కూర్చోబెట్టే ముందు అరచేత్తో తాకి చూడండి.