వెన్నునరాల ఒత్తిడితో బాధపడేవారు ఎండాకాలంలో మూత్రాశయం విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలు

డిస్క్ జారడం వల్లనో, వెన్నెముకకు క్షయ సోకడం వల్లనో నరాలు నొక్కుకుపోయి, మూత్రాశయం తనంతట తాను ఖాళీ కానివారు రోహిణి కార్తె రాకముందే కొన్ని ఏర్పాట్లు చేసుకోవాలి. వీరు ఎండాకాలంలో చేసే పెద్ద పొరపాటు నీళ్లు మానేయడం. దూరపు ఊళ్లో పెళ్లికి బయలుదేరేటప్పుడు, దారిలో కాథెటర్ (మూత్రం బయటికి తీసే సన్నని గొట్టం) వేసుకోవడానికి చోటు దొరకదన్న బెంగతో పొద్దుటి నుంచీ గొంతు కూడా తడుపుకోనివారు ఎందరో ఉన్నారు. ఆ బెంగ అర్థం చేసుకోదగినదే. కానీ ఒంట్లో నీరు తగ్గితే మూత్రం చిక్కబడుతుంది, లోపల మిగిలిపోయిన మూత్రంలో క్రిములు పెరుగుతాయి, ఆ ఇన్ఫెక్షన్ కిడ్నీల దాకా పాకవచ్చు.

గుండె, కిడ్నీ జబ్బులు లేనివారు రోజుకు సుమారు 2 లీటర్ల నీటిని ఒక్కసారిగా కాక, గంటకింత చొప్పున తాగాలి. ఎండకు ఇంకా ఎక్కువ తాగవలసి వస్తే కాథెటర్ వేళలను కూడా దగ్గర చేసుకోవాలి. సాధారణంగా 4 నుంచి 6 గంటలకొకసారి మూత్రం తీయాలి. గీతలున్న సీసాలో పట్టి చూసినప్పుడు 500 మిల్లీలీటర్లు దాటుతోందంటే వ్యవధి తగ్గించాలి. చేతులు సబ్బుతో కడుక్కుని, కాథెటర్‌కు జెల్లీ రాసి, నెమ్మదిగా లోపలికి పంపాలి. అది అడ్డుపడితే బలవంతంగా తోయకూడదు. ఒక నిమిషం ఆగి, ఒళ్లు వదులు చేసి మళ్లీ ప్రయత్నించాలి, అప్పటికీ వెళ్లకపోతే డాక్టర్‌ను కలవాలి. శాశ్వతంగా కాథెటర్ ఉన్నవారి యూరిన్ బ్యాగు ఎప్పుడూ మూత్రాశయం కంటే కిందే ఉండాలి.

స్పర్శ తగ్గినవారికి మంట తెలియదు కాబట్టి చలిజ్వరం, కాళ్ల బిగుతు పెరగడం, మూత్రంలో రక్తం వంటి గుర్తులను ఇంట్లోవాళ్లే కనిపెట్టాలి. మూత్రం మబ్బుగా కనిపించినంత మాత్రాన మందుల షాపులో యాంటీబయాటిక్ కొని వాడకూడదు.

ఛాతీ భాగంలోని ఆరో వెన్నుపూస దగ్గర గానీ, అంతకు పైన గానీ వెన్నుపాము దెబ్బతిన్నవారికి హఠాత్తుగా తీవ్రమైన తలనొప్పి, ముఖమంతా చెమట వస్తే ఎండదెబ్బ అనుకుని పడుకోబెట్టకూడదు. మూత్రాశయం నిండడం వల్ల రక్తపోటు ప్రమాదకరంగా పెరిగి ఉండవచ్చు. వెంటనే నిటారుగా కూర్చోబెట్టి, బిగుతు బట్టలు వదులు చేసి, కాథెటర్ గొట్టం మెలిపడిందేమో చూసి, మూత్రం బయటికి తీయాలి. తగ్గకపోతే 108కు ఫోన్ చేయాలి.

నడుంనొప్పి మాత్రమే ఉన్నవారికి కొత్తగా మూత్రం ఆగిపోయినా, మలద్వారం చుట్టూ, తొడల లోపలివైపు తిమ్మిరెక్కినా మర్నాటి దాకా ఆగకుండా అదే పూట ఆస్పత్రికి తీసుకువెళ్లాలి.