ఉప్పుగాలికి బిగిసిన నట్టు

మాది సఖినేటిపల్లి మండలం. అంతర్వేది దగ్గర వశిష్ఠ సముద్రంలో కలిసేచోట పుట్టే గాలి మా పెరటిదాకా వస్తుంది. దానికి తోడు రోడ్డు పొడవునా చేపల లారీలు కార్చుకుంటూ పోయే నీళ్లు. హైదరాబాదులో పదేళ్లు శుభ్రంగా తిరిగిన మా బావగారి పాత మారుతి మా ఇంటికొచ్చిన రెండో వర్షాకాలానికే కిందంతా ఎర్రగా పూసింది. దాని బ్రేకులు నేనే చూసుకుంటాను, కాబట్టి బిగుసుకుపోయిన నట్లతో నాకు బాగానే పరిచయం.

ఇనుము తుప్పు పడితే ఉబ్బుతుంది. నట్టుకీ బోల్టుకీ మధ్య ఉన్న ఆ సన్నటి సందులో ఉబ్బడానికి చోటెక్కడిది? అందుకే పట్టేస్తుంది. దాన్ని బలంతో తిప్పితే తుప్పు కన్నా ముందు బోల్టే తెగుతుంది. పక్కింటి కుర్రాడు ఎప్పుడూ ఇదే సలహా ఇస్తాడు: "ఆయ్, పానాకి ఇనప పైపు తొడగండి బాబాయ్‌గారూ, అదే వచ్చేస్తది!" వచ్చేస్తుంది, సగం బోల్టు.

పని ఆదివారం అనుకుంటే శనివారం సాయంత్రమే మొదలుపెట్టండి. వైరు బ్రష్షుతో బయటికి కనిపించే మరలన్నీ రుద్ది, సన్నటి సందుల్లోకి ఇంకే పెనెట్రేటింగ్ ఆయిల్ నాలుగు చుక్కలు వేసి, సుత్తితో నట్టు తల మీద చిన్నగా తట్టండి. ఆ అదురుకి నూనె లోపలికి దిగుతుంది. రాత్రి భోజనమయ్యాక ఇంకోసారి వేసి తట్టండి. అందరూ వాడే డబ్ల్యూడి-40 స్ప్రే పేరులో డబ్ల్యూడి అంటే నీటిని తోసేసేదని అర్థం. తేలికపాటి తుప్పుకి అదీ పనికొస్తుంది గానీ, మొండివాటికి పెనెట్రేటింగ్ ఆయిలే మేలు. రాపిడితో చక్రాన్ని ఆపే బ్రేకు లైనర్ల మీద మాత్రం ఏ నూనే పడకూడదు.

పొద్దున ముందుగా జాకీ సంగతి. మన నల్లనేల మీద జాకీ మెల్లగా దిగబడిపోతుంది. కింద మందపాటి చెక్క వెయ్యండి. స్టాండు పెట్టకుండా బండి కిందికి తల పెట్టొద్దు. చక్రాల నట్లు బండి నేల మీద ఉండగానే వదులు చేసుకోవాలి.

ఇప్పుడు పానా. రెండు వైపులా తెరిచి ఉండే స్పానర్‌తో మొండి నట్టు జోలికి పోవద్దు, మూలలు అరిగి గుండ్రంగా అయిపోతుంది. ఆరు మూలల సాకెట్ గానీ రింగు పానా గానీ తీసుకుని, ముందు బిగించే వైపే కొంచెం తిప్పండి. విప్పాల్సినదాన్ని బిగించడమేమిటని మా ఆవిడా అడిగింది. తుప్పు పొర ఎటు కదిలినా విరగడమే కావాలి మనకి. విరిగాక పావు చుట్టు విప్పడం, కాస్త వెనక్కి బిగించడం, మళ్లీ విప్పడం, మధ్యలో ఒక చుక్క నూనె.

చెయ్యి చెప్పేది వినండి. 'టక్'మని గట్టిగా మోగి కదిలితే తుప్పు వదిలినట్టు. చప్పుడు లేకుండా జీళ్లపాకం లాగినట్టు మెత్తగా సాగుతోందా, అప్పుడు మెలిపడుతున్నది బోల్టు. అక్కడే ఆగాలి. నేను ఆగలేదు. వెనక బ్రేకు గాలి తీసే నిపిల్ అలాగే మెత్తగా తిరిగి, తల నా చేతిలోకొచ్చేసింది. మిగిలిన ముక్క కోసం, ఆ నిపిల్ దిగి ఉండే వీల్ సిలిండర్ మొత్తం మార్చాల్సొచ్చింది.

నూనెకి లొంగనిదానికి వేడి. బోల్టుని కాదు, నట్టుని కాల్చాలి, అదే వ్యాకోచించాలి కాబట్టి. అల్యూమినియం ఇనుము కన్నా దాదాపు రెట్టింపు సాగుతుంది, అందుకే అల్యూమినియంలో దిగిన ఇనప బోల్టు వేడికి త్వరగా వదులుతుంది. ముందు రోజు వేసిన నూనె పూర్తిగా తుడిచెయ్యండి. పెట్రోలు ట్యాంకు, బ్రేకు గొట్టాలు, రబ్బరు బుష్షులు దగ్గర్లో ఉంటే మంట ఊసే వద్దు, వెల్డింగు షాపుకి పోవడమే. బ్రేక్ క్లీనర్ చల్లినచోట అసలు కాల్చకూడదు, కొన్ని రకాల నుంచి విషవాయువు వస్తుంది.

నట్లన్నీ ఊడినా చక్రం హబ్బుకి, అంటే చక్రాన్ని బిగించే ఇరుసు దిమ్మకి, అతుక్కుని రాకపోతే, నట్లు తిరిగి పెట్టి ఒక్కో చుట్టు వదులుగా ఉంచండి. బండి కిందికి దించి నాలుగడుగులు ముందుకీ వెనక్కీ నెమ్మదిగా నడపండి. బండి బరువే దాన్ని ఊడదీస్తుంది. స్టాండు మీద ఉన్న బండి టైరుని మాత్రం తన్నొద్దు.

చక్రం తీశాక, వెనక బ్రేకుని మూసి ఉండే డ్రమ్ము రాకపోతే ముందు హ్యాండ్‌బ్రేక్ దించారో లేదో చూసుకోండి. నవ్వకండి, ఓ గంట నేనూ చూసుకోలేదు. మిగతా చక్రాలకి ఇటుకలు అడ్డం పెట్టాలి మరి. కొన్ని డ్రమ్ములకి ముఖం మీద మరలున్న రెండు చిన్న చిల్లులుంటాయి. వాటిలో సరిపడే బోల్టులు ఎక్కించి, ఇదొక అర చుట్టు, అదొక అర చుట్టు బిగిస్తూ పోతే డ్రమ్ము తనంతట తానే బయటికి నెట్టుకొస్తుంది. అంచు మీద సుత్తితో కొట్టకండి, పోత ఇనుము పెచ్చు ఊడుతుంది. లోపలి ధూళిని నోటితో ఊదొద్దు, తడిగుడ్డతో తుడవండి. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు.

తిరిగి బిగించేముందు హబ్బు ముఖాన్ని బ్రష్షుతో రుద్ది, చక్రం ఆనేచోట గ్రీజు పలచగా, గోటితో గీస్తే కనపడేంత రాయండి. చక్రాల నట్లు ఎక్కే స్టడ్ల మరలకి రాయొద్దు, బిగింపు లెక్క తప్పుతుంది. మొన్న నరసాపురం వెళ్లడానికి రేవులో గోదావరి దాటించే పంటు కోసం వరసలో ఉండగా వెనక టైరు పంక్చరైంది. నట్లు తీసి లాగితే చక్రం చేతిలోకొచ్చింది. పంటు మాత్రం దాటిపోయింది.