ఎదిగిన ఎలుక వృషణంలోంచి శుక్రకణాలకు మూలమైన మూలకణాలను పెంచడం: మా ల్యాబ్ పద్ధతి

మా ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్లు మొదట అడిగేది జీడీఎన్ఎఫ్ (ఈ మూలకణాలను పెరగనిచ్చే ప్రొటీన్) ఎంత వెయ్యాలని. నేనేమో ఎలుక ఏ స్ట్రెయిన్ (వంశరకం) అని అడుగుతాను. డీబీఏ/2 అయితే సగం గట్టెక్కినట్టే. సీ57బీఎల్/6 కణాలు డిష్‌లో మొండికేస్తాయి.

తర్వాత వయసు. వారం రోజుల పిల్లల్లో శుక్రకణాలు ఇంకా తయారవవు, అందుకే మూలకణాల వాటా ఎక్కువ. పెద్ద ఎలుకలో ఒక్కో వృషణంలో 35,000 దాకా ఒంటరి స్పెర్మటోగోనియాలు (మూలకణాలుగా లెక్కించేవి ఇవే) ఉంటాయి గానీ, మొత్తం బీజకణాల్లో అవి 0.03 శాతమే. కాబట్టి మూలకణాలను పెంచడం కంటే మిగతా కణాలను వదిలించుకోవడమే పెద్ద పని. ఎథిక్స్ కమిటీ అనుమతి చేతికి రాకుండా ఎలుకను ముట్టుకోవద్దు.

వృషణం పైపొర తీసేసి, లోపలి నాళికలను కొలాజినేజ్‌లో (కణజాలాన్ని విడదీసే ఎంజైమ్) 37 డిగ్రీల దగ్గర కొద్ది నిమిషాలు కదిలించండి. చిక్కు విడిపోగానే ఆపి, నాళికలు అడుక్కి చేరనిచ్చి, పైన తేలే లేడిగ్ కణాలను (నాళికల మధ్య ఉండే హార్మోన్ కణాలు) పారబోయండి. అప్పుడు కణాలను విడదీసే ట్రిప్సిన్, దాంతోపాటు డీఎన్ఏను కోసే డీఎన్ఏజ్ వెయ్యండి. డీఎన్ఏజ్ మరిచిపోతే చచ్చిన కణాల డీఎన్ఏ జిగురులా సాగి, ఉన్నవాటన్నిటినీ ముద్ద చేస్తుంది. 40 మైక్రాన్ల జల్లెడలో వడకట్టి, 30 శాతం పెర్కాల్ (కణాలను సాంద్రతను బట్టి వేరుచేసే ద్రవం) మీద వేసి సెంట్రిఫ్యూజ్ తిప్పండి. అడుగున దిగిన కణాల్లోంచి పైపొర మీద థై1 అనే గుర్తు ప్రొటీన్ ఉన్నవాటిని అయస్కాంత పూసలతో ఏరాలి. ఖర్చుకు జంకి ఈ మెట్టు ఎగ్గొట్టేవాళ్లున్నారు. పెద్ద ఎలుకతో అయితే ఎగ్గొట్టొద్దు.

మూలకణాలకు ఆసరాగా డిష్ కింద పరిచే ఎస్‌టీఓ కణాలకు ముందే మైటోమైసిన్ అనే మందు పెట్టి విభజన ఆపేయాలి. మీడియంలో (కణాలు పెరిగే పోషక ద్రవం) సీరం వద్దు: 2004లో కుబోటా, బ్రిన్‌స్టర్ బృందం చూపించింది అదే, సీరం ఈ కణాలకు చేటు. జీడీఎన్ఎఫ్ మిల్లీలీటరుకు 20 నానోగ్రాములు, బీఎఫ్‌జీఎఫ్ అనే మరో పెరుగుదల ప్రొటీన్ 1 నానోగ్రాము, వాటితోపాటు కరిగే రూపంలోని జీఎఫ్ఆర్ఏ1 (జీడీఎన్ఎఫ్ అంటుకునే గ్రాహకం). రెండు మూడు రోజులకోసారి మీడియం మార్చండి.

మొదటి వారం ఏమీ కనపడక కంగారు పడతారు. పడొద్దు. ఈ కణాలు రెట్టింపు కావడానికి దాదాపు ఐదున్నర రోజులు పడుతుంది. అడుగున సాగిలపడి జోరుగా పాకే కణాలు కనిపిస్తే సంబరపడకండి, అవి ఫైబ్రోబ్లాస్టులు, అంటే మనకు అక్కర్లేని సంధాయక కణజాలపు కణాలు. మనకు కావలసినవి ద్రాక్షగుత్తుల్లా పైకి ఉబ్బి ఉంటాయి. స్ప్లిట్ చేసేటప్పుడు, అంటే పెరిగిన కణాలను కొత్త డిష్‌లకు పంచేటప్పుడు, పిపెట్‌తో మెల్లగా మీడియం చిమ్మితే గుత్తులు లేచొస్తాయి, కింది పొర అలాగే ఉంటుంది.

పీఎల్‌జెడ్ఎఫ్ అనే గుర్తు ప్రొటీన్‌కు రంగు పట్టింది కదా అని మూలకణాలే అనేయొద్దు. వాటినుంచి పుట్టి, విడివడే దారిలో ఉన్న కణాల్లోనూ అది వెలుగుతుంది. బ్రిన్‌స్టర్ 1994లో నేర్పిన పరీక్ష ఒక్కటే నమ్మదగింది: బుసల్ఫాన్ అనే మందుతో బీజకణాలను ఖాళీ చేసిన ఎలుక వృషణంలోకి, పచ్చగా మెరిసే జీఎఫ్‌పీ ప్రొటీన్ ఉన్న మన కణాలు ఎక్కించి, రెండు నెలలాగి, పచ్చగా మెరిసే కాలనీలు లెక్కపెట్టడం. ఒక్కో కాలనీకి దాదాపు ఒక మూలకణం. ఆ రెండు నెలలూ కల్చర్ ఆపకండి, ప్రతి స్ప్లిట్‌లోంచి కొంత డీఎంఎస్‌ఓలో (గడ్డకట్టేటప్పుడు కణాలను కాపాడే ద్రవం) కలిపి ద్రవ నైట్రోజన్‌లో దాచండి. ఇదంతా ఎలుక మాట. మనిషి కణాలను ఇలా ఏళ్ల తరబడి పెంచడం మీద ఇంకా వాదన తెగలేదు, ఆ నమూనాల మీద ఇదే పద్ధతి గుడ్డిగా వాడకండి.