డయాలసిస్ మధ్య రోజుల్లో ఒంటికి నీరు పడుతుంటే: కంచం దగ్గర వెతకవలసిన కారణాలు

"నీళ్ళు బాగా తగ్గించేశామండీ, అయినా ప్రతిసారీ మూడు కిలోలు పెరిగే వస్తున్నారు." డయాలసిస్ చేయించుకుంటున్నవారి ఇళ్ళలో ఎక్కువగా వినిపించే మాట ఇదే. ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో ఉండే తెలుగు కుటుంబాలకు ఆహారం గురించి సలహాలు చెప్పే పనిలో ఈ మాట వెనక కారణం వెతకడం నాకు నిత్యం ఉండేదే. ఈ వ్యాసం ఇప్పటికే వారానికి రెండు మూడు సార్లు డయాలసిస్‌కు వెళుతూ, డ్రై వెయిట్ (ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువు) అంటే ఏమిటో, ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి రక్తనాళాలను కలిపిన చోటు) ఉన్న చేతిని ఎలా కాపాడుకోవాలో తెలిసినవారిని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. మందులు మార్చడం, డ్రై వెయిట్ మార్చడం వైద్యులు చేసే పనులు. అయితే ఆ నిర్ణయానికి కావలసిన సమాచారంలో సగం వంటింట్లోనే దొరుకుతుంది, దాన్ని తెచ్చి చెప్పవలసింది ఇంటివారే.

లక్షణం: రెండు డయాలసిస్‌ల మధ్య బరువు ఎక్కువగా పెరగడం

ఎంత పెరిగితే ఎక్కువ అన్నది ముందు తేల్చుకోవాలి. డ్రై వెయిట్‌లో 4.5 శాతం లోపల ఉంటే మంచిది, అంటే 50 కిలోల మనిషికి రెండుంపావు కిలోలు. యంత్రం నీరు తీసే వేగానికి కూడా ఒక హద్దు ఉంది. ఒక కిలో శరీర బరువుకు గంటకు 13 మిల్లీలీటర్లు దాటకూడదని సాధారణంగా పాటిస్తారు. ఆ లెక్కన 50 కిలోల మనిషి నుంచి నాలుగు గంటల్లో తీయగలిగేది 2.6 లీటర్లు. అంతకు మించి పెరిగి వచ్చి, అంతా ఒకే పూట తీసేయమని కోరితే రక్తపోటు పడిపోతుంది, పిక్కలు పట్టేస్తాయి, మర్నాడంతా మంచం మీదే గడుస్తుంది.

కారణం ఎక్కడుందంటే ఇంటిల్లిపాదీ నీళ్ళ సీసా వైపే చూస్తారు. నేను ముందు ఉప్పు గురించి అడుగుతాను. ఎన్నిసార్లు చెప్పినా చాలామంది దాటవేసే పరీక్ష ఇదే. ఈసారి డయాలసిస్‌కు వెళ్ళినప్పుడు అక్కడ వేలాడదీసిన సెలైన్ సీసా మీద 0.9 శాతం అని రాసి ఉండడం గమనించండి. లీటరు నీటికి 9 గ్రాముల ఉప్పు అని దాని అర్థం. మన రక్తంలోని ఉప్పదనం కూడా దాదాపు ఆ స్థాయిలోనే నిలబడాలి కాబట్టి, మూత్రం రాని మనిషి 9 గ్రాముల ఉప్పు తింటే, దానికి తగినట్టు లీటరు నీరు లోపలికి వెళ్ళేదాకా దాహం తీరదు. ఉప్పు తగ్గించకుండా నీళ్ళు మాత్రం తగ్గించమని చెప్పడమంటే ఆ మనిషిని దాహంతో బాధపెట్టడమే. రోజు మొత్తానికి అన్నిటిలో కలిపి ఉప్పు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాడు, దాటకూడదు. కూరలో ఉప్పు తగ్గించి పక్కన ఎండు నెత్తళ్ళు, ఆవకాయ, అప్పడం, చల్ల మిరపకాయ పెడితే ఆ తగ్గింపుకు అర్థం లేదు. ఎండు చేపను వేడినీళ్ళలో నానబెట్టి ఆ నీళ్ళు పారబోస్తే ఉప్పు కొంత తగ్గుతుంది గాని పూర్తిగా పోదు. సైంధవ లవణం కూడా ఉప్పే, దానికి మినహాయింపు లేదు.

ఉప్పు తరువాత చూడవలసింది కంచంలోని నీళ్ళు. మా ప్రాంతంలో తెలుగిళ్ళలో కూడా వేసవి వస్తే పఖాళ (నీళ్ళలో నానబెట్టిన చద్దన్నం) తినని రోజు ఉండదు, కొండవైపు ఊళ్ళలో పొద్దున్నే చోడి (రాగి) అంబలి తాగకుండా పనికి వెళ్ళరు. ఇవి తిండి లెక్కలోకి వెళతాయి గాని నీళ్ళ లెక్కలోకి రావు. "రోజుకు మూడు గ్లాసులే తాగుతున్నాను" అని చెప్పేవారు అబద్ధం చెప్పడం లేదు, వారు గ్లాసులనే లెక్కపెడుతున్నారు. ఒక్కరోజు పఖాళ గిన్నెను చిల్లుల పళ్ళెంలో వంపి, కిందికి దిగిన తరవాణిని కొలగ్లాసుతో కొలిచి చూడండి. రోజుకు అనుమతించే ద్రవం, 24 గంటల్లో వచ్చిన మూత్రానికి అరలీటరు కలిపినంత మాత్రమే. మూత్రం పూర్తిగా ఆగిపోయినవారికి ఆ అరలీటరులో పెద్దభాగం ఒక్క గిన్నె పఖాళతోనే చెల్లిపోవచ్చు.

దీనికి పఖాళ మాన్పించడం పరిష్కారం కాదు. చిన్నప్పటినుంచి తిన్న తిండి ఒక్కసారిగా మాన్పిస్తే అసలు తినడమే తగ్గిపోతుంది, దానివల్ల వచ్చే నష్టం గురించి కింద వివరంగా రాస్తాను. అన్నం గట్టిగా పిండి, కొలిచిన పెరుగు కొద్దిగా కలిపి, పైన పచ్చి ఉప్పు వేయకుండా, ఉల్లిపాయ, నిమ్మరసం, వేయించిన జీలకర్రతో పెట్టండి. అంబలి అయితే జారుగా కాకుండా సంకటిలా గట్టిగా చేయండి. చారు, మజ్జిగ, టీ, మాత్రలు మింగడానికి తాగిన నీళ్ళు, అన్నీ ఒకే లెక్కలోకి రావాలి.

ఉప్పు తగ్గించమనగానే కొందరు బజారులో "తక్కువ సోడియం" అని అమ్మే ఉప్పు తెస్తారు. ప్యాకెట్ వెనక పొటాషియం క్లోరైడ్ అన్న మాట కనిపిస్తే దాన్ని డయాలసిస్ రోగి ఉన్న వంటింట్లోకి రానివ్వకండి. ఆ పదార్థం ఒక గ్రాములో అరగ్రాముకు పైగా పొటాషియం ఉంటుంది, అది గుండె లయను దెబ్బతీయగలదు. ఇలాంటి ఉప్పును వాడవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జనవరిలో ఇచ్చిన సిఫారసు కూడా మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి వర్తించదు.

మధుమేహం ఉన్నవారికి చక్కెర అదుపులో లేకపోతే ఉప్పు ఎంత తగ్గించినా దాహం వేస్తూనే ఉంటుంది. గ్లూకోమీటర్‌తో చూసుకోండి.

లక్షణం: బరువు డ్రై వెయిట్‌కే వస్తోంది, ఆయాసం మాత్రం పోవడం లేదు

ఇది చాలా మోసం చేసే లక్షణం, అందుకే దీని మీద ఎక్కువసేపు ఆగుతున్నాను. రికార్డు పుస్తకంలో అంతా సవ్యంగానే కనిపిస్తుంది. మధ్య రోజుల్లో పెరిగింది రెండు కిలోలు, తీసింది రెండు కిలోలు. అయినా రాత్రి వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక రెండో దిండు అడుగుతారు, డయాలసిస్ అయిన సాయంత్రం కూడా రక్తపోటు దిగదు, మాత్రల సంఖ్య పెరుగుతూ పోతుంది. ఇంట్లో మళ్ళీ నీళ్ళ సీసా మీద నిఘా మొదలవుతుంది.

జరిగేది ఏమిటంటే, తిండి చాలక ఒంట్లో కండ కరిగిపోతుంది, కరిగినంత బరువును నీరు నింపుతుంది. 52 కిలోల డ్రై వెయిట్ ఉన్న మనిషి కొన్ని నెలల్లో రెండు కిలోల కండ పోగొట్టుకున్నాడనుకోండి. అతని నిజమైన డ్రై వెయిట్ ఇప్పుడు 50. కాని యంత్రాన్ని ఇంకా 52 దగ్గరే ఆపుతున్నారు కాబట్టి, డయాలసిస్ పూర్తయిందని లేచి ఇంటికి వెళ్ళేటప్పుడు కూడా రెండు లీటర్ల నీరు అతని ఒంట్లోనే ఉంటుంది. తూకం రాయి ఈ తేడాను ఎప్పటికీ చెప్పదు.

చెప్పేది ఒళ్ళే. చేతి గాజులు మునుపటికంటే పైకి, మోచేతి వైపు జారుతున్నాయా, జాకెట్టు చేతులు వదులయ్యాయా, కణతలు లోపలికి పోయాయా, బొటనవేలికి చూపుడువేలికి మధ్య ఉబ్బెత్తుగా ఉండవలసిన కండ పల్లంగా మారిందా చూడండి. అదే మనిషి మడమ పైన వేలితో పది సెకన్లు నొక్కి తీస్తే గుంట అలాగే నిలుస్తోందా చూడండి. పైన ఎండిపోయి కింద ఉబ్బిన మనిషి కనిపిస్తే దాదాపుగా కారణం ఇదే. రక్తపరీక్షలో ఆల్బుమిన్ (రక్తంలో ఉండే ఒక మాంసకృత్తు) డెసిలీటరుకు 3.5 గ్రాముల కంటే తక్కువ ఉంటే అనుమానం బలపడుతుంది. ఇన్‌ఫెక్షన్ ఉన్నా, నీరు ఎక్కువై రక్తం పలచబడినా అది తగ్గుతుంది కాబట్టి ఆ ఒక్క అంకెనే నమ్ముకోకూడదు.

ఇంతకీ కండ ఎందుకు కరుగుతోంది? ఆకలి లేకపోవడం ఒక కారణం. నేను పదే పదే చూసిన మరో కారణం వంటింటి గోడకు అంటించి ఉంటుంది. డయాలసిస్ మొదలుకాక ముందు, క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పే రక్తపరీక్ష అంకె) పెరుగుతున్న రోజుల్లో, విశాఖపట్నంలోనో శ్రీకాకుళంలోనో చూపించుకున్నప్పుడు ఇచ్చిన తెలుగు కాగితం అది. పప్పు తగ్గించండి, గుడ్డు మానండి, మాంసం, చేపలు వద్దు అని అందులో ఉంటుంది. ఆనాటికి అది సరైన సలహాయే, ఎందుకంటే పనిచేస్తున్న కొద్దిపాటి మూత్రపిండం మీద భారం తగ్గించడానికి మాంసకృత్తులను కిలోకు 0.6 గ్రాముల దాకా తగ్గిస్తారు. డయాలసిస్ మొదలైన రోజునే ఆ సలహాకు కాలం చెల్లిపోయింది. ప్రతి డయాలసిస్‌లో సుమారు 6 నుంచి 12 గ్రాముల అమైనో ఆమ్లాలు (మాంసకృత్తులు తయారయ్యే ముడిసరుకు) రక్తం నుంచి వడపోతలో కొట్టుకుపోతాయి. అందుకే ఇప్పుడు కిలోకు 1.0 నుంచి 1.2 గ్రాముల మాంసకృత్తులు కావాలి, అంటే దాదాపు రెట్టింపు.

కొత్త సలహా ఇంటికి చేరకపోవడానికి మా సరిహద్దులో ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. డయాలసిస్ కేంద్రంలో మాటలన్నీ ఒడియాలో జరుగుతాయి, చేతికిచ్చే కాగితం ఇంగ్లీషులోనో ఒడియాలోనో ఉంటుంది. వెంట వచ్చిన కొడుకు విని తల ఊపి, కాగితం ఫైలులో పెట్టేస్తాడు. ఇంట్లో వండేది తల్లో భార్యో. ఆమె చదవగలిగేది గోడమీది తెలుగు కాగితమే. "ఆయనకు పప్పు పెడుతున్నారా అమ్మా?" అని అడిగితే, "అయ్యో, డాక్టరుగారు వద్దన్నారు కదమ్మా, నేనెలా పెడతాను?" అని ఎంతో శ్రద్ధగా జవాబు చెబుతుంది. ఆ శ్రద్ధ వల్లే ఆ మనిషి చిక్కిపోతున్నాడని ఆమెకు ఎవరూ చెప్పలేదు. కనుక మొదటి పరిష్కారం ఆ కాగితం చింపి, కొత్తది తెలుగులో రాయించి అంటించడం. వండే మనిషిని నెలకొక్కసారైనా కేంద్రానికి వెంట తీసుకువెళ్ళడం అంతకంటే మంచిది.

50 కిలోల మనిషికి రోజుకు 50 నుంచి 60 గ్రాముల మాంసకృత్తులు కావాలి. అదేమీ అసాధ్యం కాదు. రెండు గుడ్ల తెల్లసొనతో 7 గ్రాములు, 100 గ్రాముల తాజా చేపతో 18 దాకా, 30 గ్రాముల కందిపప్పుతో 6 నుంచి 7, రోజంతా తినే పావుకిలో బియ్యంతో 16 దాకా, ఒక చిన్న గిన్నె పెరుగుతో 3 వస్తాయి. చేపలు తిననివారికి 30 గ్రాముల మీల్‌మేకర్‌లో 15 గ్రాములు ఉంటాయి, ఉప్పు కలపని తాజా ఛెన్నా (పాలు విరగ్గొట్టి తీసిన పనీరు లాంటిది) కొద్దిగా వాడుకోవచ్చు. తెల్లసొనలో మాంసకృత్తులతో పోలిస్తే ఫాస్ఫరస్ బాగా తక్కువ కాబట్టి నేను ముందుగా దాన్నే సూచిస్తాను. అన్నం, నూనె కూడా సరిపడా ఉండాలి. కిలోకు 25 నుంచి 35 కేలరీలు అందకపోతే తిన్న మాంసకృత్తులను కండకు వాడకుండా శరీరం ఇంధనంగా కాల్చేస్తుంది. ఆకలి లేనివారికి మూడు పూటలు నిండుగా పెట్టే బదులు ఆరుసార్లు కొద్దికొద్దిగా పెట్టండి, డయాలసిస్ రోజున ఖాళీ కడుపుతో పంపకండి.

రెండో పరిష్కారం డ్రై వెయిట్‌ను మళ్ళీ చూడమని వైద్యులను అడగడం. "బరువు సరిగ్గానే ఉంది" అన్న మాటతో ఆగిపోకుండా, గాజులు జారుతున్నాయి, కాళ్ళు ఉబ్బుతున్నాయి, రెండు దిండ్లు కావలసి వస్తోంది అని మీరు చూసినది చూసినట్టు చెప్పండి. వారు పరీక్షించి ఆ అంకెను కొద్దికొద్దిగా దించుతారు.

లక్షణం: తిండి మెరుగయ్యాక డయాలసిస్ చివరి గంటలో పిక్కలు పట్టేయడం

ఇది పై కథకు రెండో వైపు. బాగా తినడం మొదలుపెట్టాక కండ పెరుగుతుంది, నిజమైన డ్రై వెయిట్ పైకి వెళుతుంది. పాత అంకె దాకా నీరు లాగితే ఉండవలసిన నీరు కూడా పోయి కండరాలు పట్టేస్తాయి, కళ్ళు తిరుగుతాయి. ఇక్కడ చాలామంది తిండి పడలేదని అనుకుని మళ్ళీ పాత పద్ధతికి వెళ్ళిపోతారు. దయచేసి అలా చేయకండి, డ్రై వెయిట్ పెంచాలేమో చూడమని అడగండి.

పొటాషియం, ఫాస్ఫరస్ భయం

మాంసకృత్తులు పెంచమనగానే ఈ రెండూ పెరుగుతాయని భయపడతారు. ఫాస్ఫరస్‌కు ఇచ్చిన మాత్రను భోజనంతోపాటే వేసుకోవాలి, తిన్న గంటకు వేసుకుంటే అది చేసే పని చాలా తక్కువ. కూల్‌డ్రింకులు, ప్యాకెట్లలో వచ్చే మాంసం, చీజ్ మానేస్తే పప్పుకు, గుడ్డుకు చోటు దొరుకుతుంది. పొటాషియం కోసం కూరగాయలను చిన్న ముక్కలుగా తరిగి, ఎక్కువ నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి, తరువాత వండండి. దాల్మాలో (కూరగాయలు వేసి వండే ఒడియా పప్పు) అరటికాయ, చేమదుంప, కంద పప్పుతో కలిపి ఒకే గిన్నెలో ఉడుకుతాయి, నీళ్ళు పారబోసే అవకాశమే ఉండదు. ముక్కలు విడిగా ఉడికించి వార్చి, ఆ తరువాతే పప్పులో కలపండి. కొబ్బరినీళ్ళు, మునగాకు జోలికి పోవద్దు.

అరుదైన కారణాలు

గుండె కవాటాల జబ్బు, థైరాయిడ్, ఫిస్టులాలో రక్తప్రవాహం మరీ ఎక్కువ కావడం, డయాలసిస్ ద్రావణంలో సోడియం ఎక్కువగా ఉండడం వంటివి కూడా నీరు పట్టడానికి, ఆయాసానికి దారితీయవచ్చు. పైవన్నీ సరిచేశాక కూడా తేడా కనిపించకపోతే వైద్యులు వాటిని చూసుకుంటారు. అయితే కూర్చున్నచోటే ఆయాసం వస్తున్నా, నురుగుతో దగ్గు వస్తున్నా, ఛాతీ నొప్పి ఉన్నా, కాళ్ళూ చేతులూ హఠాత్తుగా చచ్చుబడినట్టు అనిపించినా ఏ కారణమూ వెతుకుతూ కూర్చోకుండా, తరువాతి డయాలసిస్ రోజు దాకా ఆగకుండా, రాత్రయినా సరే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.