లారీ మోడల్లో లోపం ఎక్కడుంది? పైకి కనబడే గుర్తు నుంచి అసలు కారణం దాకా

మా నాన్న చాలా ఏళ్లు నడిపిన టాటా లారీని 1/24 స్కేలులో, అంటే అసలు సైజులో ఇరవై నాలుగో వంతు మోడల్‌గా, కడుతున్నాను. మదనపల్లెలో టమాటా ఎక్కించుకుని, భాకరాపేట ఘాట్ దిగి, తిరుపతి మీదుగా చెన్నైకి పోయిన లారీ అది. దానికి కిట్టు (అతికించుకునే విడిభాగాల పెట్టె) దొరకదు. ఇటలేరి, రెవెల్ కంపెనీలు 1/24లో వేసేవి ఎక్కువగా యూరప్ లారీలు. ఏఎంటీ కంపెనీ అమెరికా లారీలేమో 1/25. అందుకని చక్రాలు, ఇరుసులు ఒక యూరప్ కిట్టు నుంచి తీసుకుని, చాసిస్, క్యాబిన్, తొట్టి మొత్తం ప్లాస్టిక్ షీటు కోసి చేసుకుంటున్నాను.

ఈ పనిలో నేను నేర్చుకున్నది ఒకటే. తప్పు ఒక మెట్టులో జరుగుతుంది, రెండు మూడు మెట్ల తర్వాత బయటపడుతుంది. చక్రం గాల్లో లేచిందంటే చాసిస్‌ని చూడాలి. రంగు పగిలిందంటే కింద ఏముందో చూడాలి. అందుకే కింద ఒక్కో గుర్తునీ పట్టుకుని వెనక్కి వెళ్తున్నాను.

అతికించిన ముక్క మర్నాటికి ఊడి చేతికొస్తోంది

గమ్ము పాతబడిందనుకుని కొత్త సీసా కొంటాం. కొత్తదీ అంతే. కారణం చాలాసార్లు ప్లాస్టిక్కే. మోడల్ సిమెంటు అనేది నిజానికి గమ్ము కాదు, పాలీస్టైరీన్‌ని కరిగించి రెండు ముక్కల్నీ ఒకటి చేసే ద్రావకం. మనకు ఊళ్లో చవకగా దొరికేవాటిలో ఐడీ కార్డులు, సన్‌బోర్డు పీవీసీ. డబ్బా మూతలు చాలావరకు పాలీప్రొపిలీన్. పాలీప్రొపిలీన్ ఈ ద్రావకానికి అసలు కరగదు, పీవీసీ సరిగా కరగదు.

ఏ ముక్క ఏమిటో తెలుసుకోవడానికి రెండు గ్లాసుల నీళ్లు చాలు. చిన్న ముక్క కోసి మామూలు నీళ్లలో వేసి, బుడగలు అంటుకోకుండా స్పూనుతో ముంచండి. తేలితే పాలీప్రొపిలీనో పాలిథీనో, పక్కన పెట్టేయండి. మునిగితే దాన్ని తీసి ఉప్పునీళ్లలో వేయండి. లీటరు నీళ్లకు 200 గ్రాముల ఉప్పు వేసి పూర్తిగా కరగనివ్వాలి. అందులో తేలితే పాలీస్టైరీనో ఏబీఎస్సో అయి ఉంటుంది, సిమెంటుకు పనికొస్తుంది. అక్కడా మునిగితే పీవీసీ అనుకోండి. సన్‌బోర్డు లాంటి నురుగు షీట్లకు మాత్రం ఈ పరీక్ష పనికిరాదు, లోపలి గాలి వల్ల ఏదైనా తేలుతుంది. కాల్చి చూసే పరీక్ష కొందరు చెబుతారు కానీ, పీవీసీ పొగ ఊపిరితిత్తులకు విషం. ఇంట్లో పిల్లలుంటే అసలు వద్దు.

పీవీసీతో చేసిన భాగం ఇప్పటికే బండికి ఎక్కి ఉంటే విప్పక్కర్లేదు. అతుకు గరుకు కాగితంతో గీరి, సూపర్ గ్లూతోనో రెండు ట్యూబుల ఎపాక్సీతోనో మళ్లీ అతికించండి.

మూడు చక్రాలు నేల మీద, నాలుగోది గాల్లో

దీనికి చక్రాన్ని తిప్పడం, ఇరుసును వంచడం చేయకండి. ఒక అద్దం ముక్క తెచ్చుకోండి. బల్ల నున్నగా ఉందని కంటికి అనిపిస్తుంది, ఉండదు. బండిని అద్దం మీద పెట్టి, లేచిన చక్రం కింద ప్రింటరు కాగితం ముక్కలు ఒక్కొక్కటిగా దూర్చండి. ఒక కాగితం ఇంచుమించు 0.1 మిల్లీమీటరు. ఎన్ని పట్టాయో అంత మెలి ఉన్నట్టు.

ఐదు కాగితాల లోపయితే, ఆ చక్రం వైపు కమాన్ కట్టకీ (బరువు మోసే స్ప్రింగు పట్టీల కట్ట) ఇరుసుకీ మధ్య పల్చటి ప్లాస్టిక్ ముక్క పెడితే సరిపోతుంది. కొంచెం కొంచెంగా మందం పెంచుతూ అద్దం మీద చూసుకోండి.

అంతకు మించితే చాసిస్ మెలి తిరిగింది. నాది మొదటిసారి తొమ్మిది కాగితాలు పట్టింది. కారణం వెతికితే మూడు తేలాయి. రెండు పొడుగు పట్టీల్నీ విడివిడిగా కోశాను, ఒకటి అర మిల్లీమీటరు పొడుగు. కత్తి కోసిన అంచున లేచిన గీరును అరగదీయకుండా అడ్డపట్టీ అతికించాను, అందుకని అది వాలింది. పైగా ఒకవైపు అతుకులన్నీ వేసి ఆరాక రెండోవైపు మొదలుపెట్టాను, మొదటివైపు లాగేసింది.

బాగు చేసే పద్ధతి ఇది. ఒకవైపు అతుకులన్నీ సన్న రంపంతో విప్పండి, రెండోవైపు అలాగే ఉంచండి. పట్టీలు రెండూ టేపుతో కలిపి కట్టి, ఒకే పొడుగుకు అరగదీయండి. రంధ్రాలు కూడా రెండింటికీ ఒకేసారి వేయండి. అద్దం మీద పరిచి, మూల నుంచి మూలకు రెండు కొలతలూ సమానమయ్యేదాకా జరపండి. అది మూలమట్టం సంగతి మాత్రమే చెబుతుంది, మెలి సంగతి చెప్పదు. మెలికి అద్దమే సాక్షి. పైన తూకం రాళ్లు పెట్టి, ఎదురెదురు మూలల్లో ఒక్కో చుక్క సిమెంటు వేసుకుంటూ పోండి. ఒక రోజంతా కదపొద్దు.

అన్నీ కుదిరాయి, అయినా మన లారీలా లేదు

ఇది నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఏడిపించిన లోపం. ఎక్కడా అతుకు తప్పలేదు, రంగు బాగుంది, కానీ నాన్నకు చూపిస్తే "బాగుంది రా" అని ఊరుకున్నాడు. గుర్తుపట్టలేదన్నమాట. అప్పుడు టేపు, వెర్నియర్ పట్టుకుని చిత్తూరులో లారీ బాడీలు కట్టే షెడ్డుకు పోయాను.

మొదట స్కేలు. మన నిబంధనల ప్రకారం లారీ వెడల్పు 2.6 మీటర్లు దాటకూడదు. 1/24లో అది 108 మిల్లీమీటర్లు, 1/25లో 104. అమెరికా కిట్టు బంపరునో క్యాబిన్‌నో తెచ్చి 1/24 చాసిస్‌కి పెడితే పక్కకు రెండేసి మిల్లీమీటర్లు తక్కువొస్తుంది. కన్ను ఆ తేడాను వెంటనే పట్టేస్తుంది, ఎక్కడుందో మాత్రం చెప్పలేదు. చిన్న భాగాలకు ఈ తేడా లెక్కలోకి రాదు, క్యాబిన్‌కూ తొట్టికీ వస్తుంది.

తర్వాత చక్రం. మన పాత లారీలకు 10.00-20 ట్యూబు టైర్లు, ఎత్తు దాదాపు 1055 మిల్లీమీటర్లు, అంటే మోడల్లో 44. యూరప్ కిట్టు టైరు కూడా దాదాపు అంతే ఉంటుంది. అయితే వాళ్లది 22.5 అంగుళాల ట్యూబ్‌లెస్ రిమ్ము. 20కీ 22.5కీ తేడా చూసి రిమ్ము మొత్తం మార్చబోయాను. అవసరం లేదు. ట్యూబు రిమ్ము అంచు ఎత్తుగా లేస్తుంది కాబట్టి పైకి కనబడే వలయం రెండింటిలో ఇంచుమించు ఒకటే. తేడా లాకింగ్ రింగులో ఉంది. రిమ్ము అంచును పట్టి ఉంచే ఆ తెగిన ఉక్కు రింగు ట్యూబ్‌లెస్‌కి ఉండదు. 24 గేజి రాగి తీగను చుట్టి, కొసల మధ్య వెంట్రుకంత సందు వదిలి అంచులో కూర్చోబెడితే చక్రం ఒక్కసారిగా మనదైపోతుంది. రింగు ఏ వైపున ఉందో అసలు లారీ దగ్గరే చూసుకోండి. నట్లు ఎనిమిదా, పదా కూడా అక్కడే లెక్కపెట్టండి. నట్టు 32 స్పానరుది అయితే మోడల్లో 1.3 మిల్లీమీటర్లు.

స్టీరింగు సంగతి మరిచిపోకండి. యూరప్ కిట్టుకు అది ఎడమవైపు. చక్రం ఒక్కటీ కుడికి మార్చి ఊరుకుంటే డాష్‌బోర్డులో మీటర్లు పక్క సీటు ముందు మిగిలిపోతాయి. డాష్‌బోర్డును నిలువునా కోసి భాగాలను అటుదిటు మార్చాలి. పెడళ్లు కూడా.

ఇంక అసలు కిటుకు షెడ్డులో మేస్త్రీ చెప్పాడు. నా ఫోన్లో మోడల్ ఫొటో చూసి, తొట్టి నిండా టమాటా క్రేట్లు పేర్చినందుకు మెచ్చుకుంటాడనుకున్నా. ఆయన వేలు వెనక చక్రం మీద పెట్టాడు. "బరువు తొట్టిలో కాదు నాయినా, కమాన్‌లో కనపడల్ల" అన్నాడు. నిజమే. నేను చేసిన కమాన్ కట్ట విల్లులా వంగి ఉంది. అది ఖాళీ లారీది. ఖాళీగా ఉన్నప్పుడు వెనక కొంచెం ఎత్తుగా నిలబడుతుంది, లోడు ఎక్కాక పట్టీలు సాగి దాదాపు బల్లపరుపు అవుతాయి. లోడు చూపించాలంటే కట్ట చదునుగా చేసి, చక్రానికీ తొట్టికీ మధ్య జాగా తగ్గించాలి. ఖాళీ బండి చూపించాలంటే వంపు ఉంచాలి. ముందే నిర్ణయించుకోండి, తర్వాత మార్చడం కష్టం. నేను కట్టలు విప్పి మళ్లీ చేశాను. ఈసారి నాన్న చూసి, "పీలేరు దాటినాక ఇట్లే కూర్చునేది" అన్నాడు.

కమాన్ పట్టీ వంచబోతే విరుగుతోంది, లేదా మళ్లీ నిటారవుతోంది

చల్లటి షీటును వంచకండి. పాలీస్టైరీన్ 100 డిగ్రీల దగ్గర్లో మెత్తబడుతుంది. 0.5 మిల్లీమీటర్ల మందం పట్టీలను స్టీలు చెంబుకు టేపుతో గట్టిగా చుట్టి, మరిగే నీళ్లు పోసి, వెంటనే చల్లనీళ్లు పోయండి. కావలసినదానికన్నా కొంచెం ఎక్కువ వంపున్న చెంబు తీసుకోండి, తీశాక కాస్త వెనక్కి వస్తుంది.

రెండు షీట్లు కలిపి అతికించిన చోట వారం తర్వాత గుంటలు

మధ్యలో ఇరుక్కున్న ద్రావకం బయటికి పోలేక ప్లాస్టిక్కును మెత్తబరుస్తూ ఉండటం వల్ల ఇది వస్తుంది. లోపలి షీటుకు అతికించే ముందే కనబడనివైపు చిన్న చిన్న రంధ్రాలు వేయండి. సిమెంటు తక్కువ వాడండి. గుంట పడిపోయాక ఆత్రపడి పుట్టీ పెడితే, అదీ దిగుతుంది. రెండు వారాలు ఆగి అప్పుడు పూడ్చండి.

వెనక చూసే అద్దాల కడ్డీలు వంకర, వాటి మీద రంగు నిలవదు

తీగ కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. మన జిల్లాలో బోరు మోటార్లు చుట్టే కొట్టు లేని వీధి తక్కువ. 24 గేజి తీగ 0.56, 26 గేజి 0.46 మిల్లీమీటర్లు. అద్దం కడ్డీలకు రెండూ సరిపోతాయి. వేళ్లతో సరిచేయబోతే ఎప్పటికీ వంకరే. ఒక కొసను బల్లకు బిగించి, రెండో కొసను పట్టకారుతో లాగండి. కొద్దిగా సాగినట్టు తెలియగానే ఆపండి, గీత గీసినట్టు నిటారవుతుంది. చుట్టే తీగ మీద ఇన్సులేషన్ పూత ఉంటుంది, రంగు జారిపోవడానికి అదే కారణం. గరుకు కాగితంతో గీరి, ప్రైమర్ వేయండి.

ముందు అద్దం లోపల తెల్లటి మంచు

సూపర్ గ్లూ ఆవిరి గాలిలో తేమతో కలిసి తెల్లగా పేరుకుంటుంది. క్యాబిన్ మూసేసి ఉంటే మరీ ఎక్కువ. ఓహెచ్‌పీ షీటుతో (పారదర్శక ప్లాస్టిక్ షీటు) అద్దాలు చేస్తే వాటిని ఫెవికాల్‌తోనే అతికించండి, ఆరాక పారదర్శకంగా ఉంటుంది. మంచు ఇప్పటికే పడితే, చేయి చేరే చోట దూది పుల్లతో తుడిచి, పల్చగా మెరిసే (గ్లాస్) వార్నిష్ పూస్తే చాలావరకు పోతుంది. చేయి చేరని చోటయితే షీటు మార్చడమే నయం. క్యాబిన్‌లో ఇంకెక్కడైనా సూపర్ గ్లూ వాడి ఉంటే, పైకప్పు వేసేముందు ఒక రోజు గాలి ఆడనివ్వండి.

రంగులో మూడు రోగాలు

వలలా సన్నటి పగుళ్లు వస్తే, వాహనాలకు కొట్టే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింటు ప్లాస్టిక్కును నేరుగా తిన్నదన్నమాట. దాని థిన్నర్ పాలీస్టైరీన్‌ని కరిగిస్తుంది. ఎనామిల్ మీద ఎన్‌సీ కొట్టినా ముడతలు పడతాయి. రంగు అరగదీసి తీసేసి, మోడల్ ప్రైమర్ పొడిపొడిగా రెండు పొరలు వేసి, పూర్తిగా ఆరాక మళ్లీ మొదలుపెట్టండి.

తెల్లగా పాలిపోతే తేమ. థిన్నర్ ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, గాలిలో నీరు దాని మీద చేరుతుంది. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు. 2021 నవంబరులో తిరుపతి వీధుల్లో నీళ్లు నిలిచిన రోజుల్లో నేను క్యాబిన్‌కి రంగు కొట్టి, మొత్తం బూజు పట్టినట్టు చేసుకున్నాను. నిదానంగా ఆరే రిటార్డర్ థిన్నర్ పల్చగా కొడితే తెలుపు పోతుంది. అయితే వాన వెలిసి, ఎండ కాసిన రోజు కొట్టండి.

చేత్తో తడిమితే ఇసుకలా ఉంటే, రంగు బండిని చేరకముందే గాల్లో ఆరిపోయింది. మే నెలలో 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం మేడ మీద కొడితే ఇంతే. తెల్లవారుజామున, కొంచెం దగ్గర నుంచి కొట్టండి. గరుకును 1500 నంబరు నీటి కాగితంతో తడిపి అరగదీయండి. ముక్కుకు మాస్కు తప్పనిసరి.

నంబరు ప్లేటు వెండిలా మెరుస్తోంది, అక్షరాలు కొట్టొచ్చినట్టు పెద్దవి

మెరుపు డెకాల్ (నీళ్లలో నానబెట్టి అతికించే పల్చటి ముద్ర పొర) కింద గాలి వల్ల. మెరుపు లేని మ్యాట్ రంగు గరుకు మీద అది పూర్తిగా అతకదు. ముందు మెరిసే వార్నిష్ వేసి, దాని మీద డెకాల్ అతికించి, చివర్లో మ్యాట్ కొట్టండి. మెరుస్తున్నదాన్ని సూదితో అక్కడక్కడ పొడిచి డెకాల్ సాఫ్టనర్ పెడితే చాలావరకు దిగుతుంది. ఇంక్‌జెట్‌లో ప్రింటు తీస్తే నీళ్లలో పెట్టకముందే క్లియర్ కోటు వేయాలి, లేకపోతే ఇంకు కారిపోతుంది. ప్రింటరుకు తెల్ల ఇంకు ఉండదు కాబట్టి, పసుపు ప్లేటు కింద తెల్లరంగు వేసి ఉండాలి.

అక్షరాల కొలతకు నిబంధన ఉంది. ఎత్తు 65 మిల్లీమీటర్లు, గీత మందం 10, అక్షరాల మధ్య ఎడం 10. మన స్కేలులో ఎత్తు 2.7, మందం 0.4. పసుపు మీద నలుపు. నాన్న లారీ చిత్తూరు జిల్లా ఏపీ 03 సిరీసుది. 2019 నుంచి కొత్త బండ్లకు రాష్ట్రమంతా ఏపీ 39 రావడం మొదలైంది కాబట్టి, మీరు కడుతున్న బండి ఏ ఏడాదిదో చూసుకుని ప్లేటు వేయండి.